శుక్రవారం అమావాస్య

పెళ్ళికూతురి జాకెట్టు కత్తిరించగా మిగిలిన గుడ్డపీలికను శివకుమారి రెండు వేళ్ళతో పట్టుకుని గుమ్మం దాకా తెచ్చింది. లోపల ట్యూబులైటు కింద అది నెమలికంఠం రంగులో ఉంది. ఎండలోకి తెచ్చేసరికి పచ్చ ఎక్కువై నీలం తగ్గింది. గాజుల బేరాలు చెడిపోయేది ఈ తేడా దగ్గరే.

"పద్మక్కా, దీనికి గాజులు చూసొస్తా," అంది.

పద్మప్రియ కత్తెర ఆపకుండానే తలూపింది. కోయిలకుంట్ల బజారులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఆ అంగడి ఆమెది. మిషన్లు మూడు, వాటి మీద ముగ్గురు: శివకుమారి, విశ్వాసమ్మ, రమ్యశ్రీ. పెళ్ళి బట్టలు కుట్టడానికి ఇచ్చేవాళ్ళు గాజులు కూడా మీరే చూసిపెట్టండమ్మా అని చెప్పి పోతారు. పదకొండు నెలల కింద ఆ పని శివకుమారికి పడింది.

సందుకు అవతలి వైపు రసూల్ సాహెబ్ గాజుల అంగడి. ఆయన గాజుల దండలు విప్పి అద్దాల పెట్టెల్లో సర్దుతుంటే, ఆయన భార్య జులేఖా బీ ముందు పీట మీద కూర్చుని చేతులకు గాజులు తొడుగుతుంది. శివకుమారిని చూడగానే ఆమె పీట కొంచెం జరిపింది.

"ఏం మే శివమ్మా, మళ్ళీ పీలికా? నువ్వు తెచ్చిన పీలికలన్నీ దాచిపెట్టింటే ఈపాటికి బొంత కుట్టుకోనుంటి."

"బొంతెందుకక్కా ఈ ఎండల్లో. ఇది చూడు, ఆకుపచ్చలోకి పోతాండాది."

జులేఖా బీ పీలికను తన మణికట్టు మీద పరిచింది. దాని మీద ఒక్కొక్క గాజూ పెట్టి తీసింది. నాలుగోది పెట్టాక ఇద్దరూ ఒకేసారి "ఊఁ" అన్నారు.

"ఎల్లుండి," అంది జులేఖా బీ గాజులు కాగితంలో చుడుతూ, గొంతు తగ్గించి. "మరచిపోలేదు గదా?"

"మరచిపోతానా! క్యాలెండర్లో గుండ్రంగా గీసి పెట్టినా."

గాజుల అంగడికి శుక్రవారం సెలవు. కుట్టుపని వాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ మిషను తొక్కరు. శివకుమారి ఇంట్లో ఉన్న రోజు జులేఖా బీ గాజులు తొడుగుతుంటుంది. జులేఖా బీ ఇంట్లో ఉన్న రోజు శివకుమారి మిషను మీద ఉంటుంది. పదకొండు నెలలుగా వాళ్ళ మాటలన్నీ సందుకు అటూ ఇటూ, ఒక గిరాకీకి ఇంకో గిరాకీకి మధ్య, పీలిక చేతిలో ఉండగా నడిచినవే. కూర్చుని అరగంట మాట్లాడుకున్నది లేదు. ఫిబ్రవరిలో ఎవరికో బట్టలిచ్చే తేదీ చూడబోయి క్యాలెండరు తిప్పితే ఏప్రిల్లో శుక్రవారం గడిలో అమావాస్య కనిపించింది. ఆ పూటే బెలుం గుహలకు పోదామని అనుకున్నారు.

"బెంగుళూరోళ్ళు కార్లాపి మనల్నే దోవ అడుగుతారు," అంది జులేఖా బీ అప్పుడు. "ఇరవై ఏండ్లుగా చెయ్యి చూపించి పంపిస్తాండా. ఒక్కసారన్నా చూడొద్దా, ఎక్కడికి పంపిస్తాండానో?"

*

గురువారం సాయంత్రం ఆరు కాగానే విశ్వాసమ్మ మిషన్లు తుడిచి గుడ్డలు కప్పింది. రమ్యశ్రీ చీపురు పట్టి దారప్పోగులు ఊడ్చింది. ఆ తర్వాత పద్మప్రియ లోపలి బల్ల మీది నుంచి మూటలు తెచ్చింది.

అమావాస్యకు చక్రం తిరగకూడదు. సూదికి ఆ పట్టింపు లేదు. ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ అంగట్లో ప్రతి అమావాస్య ముందురోజూ ఒక్కొక్కరి చేతికీ ఒక్కో మూట వస్తుంది. అంచులకు హెమ్మింగు, హుక్కులు, కాజాలు. ఇంట్లో కూర్చుని చేసే పని గనుక దానికి వేరే కూలి లేదు. మామూలుగా మూడో నాలుగో జాకెట్లు ఉంటాయి. శివకుమారి మూట అందుకుని బరువు చూసింది.

"ఎన్నుండాయక్కా?"

"ఎనిమిది. ఏం చేయాల మే? అధిక మాసం వస్తాండాదని జనం పెండ్లిళ్ళన్నీ ఈ నెల్లోనే పెట్టుకున్యారు. చేతిపనే గదా, టీవీ చూసుకుంటా కుట్టేయొచ్చు."

రేపు నేను ఊళ్ళో ఉండను అనాలనుకుంది శివకుమారి. నోరు తెరిచింది కూడా.

"శనివారం పదకొండుకు పెండ్లోళ్ళు వస్తారు," అంది పద్మప్రియ ఆమె భుజం మీద చెయ్యి వేసి. "పెండ్లికూతురివన్నీ నీ మూటలోనే పెట్టినా. నువ్వు కుట్టిందైతే నేను తిప్పి చూసే పని లేదు. వేరేవాళ్ళకిస్తే నాకు తిండి సయించదు."

శివకుమారి మూట ముడి బిగించింది. తిట్టి ఉంటే జవాబు చెప్పగలిగేది.

మెట్లు దిగాక విశ్వాసమ్మ తన మూటను చంకలోకి మార్చుకుంది. "ఆదివారమూ పనే, చర్చిలో ఆరాధన పోయింది. సరే, అమావాస్యన్నా ఉంది గదా అనుకుంటే దానికీ మూట. ఎనిమిదేండ్లలో ఒక్కసారన్నా ఉత్త చేతుల్తో ఇంటికి పోయినామా శివమ్మా?" జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

గాజుల అంగడి షట్టరు సగం దిగి ఉంది. జులేఖా బీ వంగి బయటికి వచ్చి మూటను చూసింది. శివకుమారి మొహం చూడలేదు.

"రాలేనక్కా," అంది శివకుమారి.

"ఎన్ని?"

"ఎనిమిది. హుక్కులు, హెమ్మింగు, కాజాలు. అన్నీ."

"సూదులు రెండు తెచ్చుకో."

"అక్కా..."

"మళ్ళా శుక్రవారం అమావాస్య ఎప్పుడొస్తాది?"

"సెప్టెంబరులో."

"సెప్టెంబరుకు నా మోకాళ్ళు ఎట్లుంటాయో నాకు తెలీదు. గుహలో మెట్లుండాయంట. రేపే పోతాం. హుక్కు కుట్టను నాకు రాదా ఏంది? నా జాకెట్లకు నేనే కుట్టుకుంటా."

లోపలి నుంచి రసూల్ సాహెబ్ గొంతు వినిపించింది. "పొండమ్మా పొండి. రేపు జుమ్మా నుంచి వచ్చి నా బువ్వ నేనే వండుకుంటా. ఆమె లేకపోతే ఉప్పు సరిగ్గా పడతాది."

ఇంటి దగ్గర శివకుమారి భర్త శేషన్న చెప్పులు విప్పుతూ విషయం విన్నాడు. నాపరాళ్ళ లారీ నడుపుతాడు. "రాళ్ళు చూసేదానికి బస్సెక్కి పోతారా? అవుకు కాడి నుంచి దినామూ లారీ నిండా రాళ్ళే తెస్తాండా, రా, ఆ తొట్టిలో కూర్చోని చూడు," అన్నాడు. కాళ్ళు కడుక్కుని వచ్చాక దండెం మీది తువ్వాలు తీసి ఆమె సంచిలో కుక్కాడు. "లోపల గాలాడదంట. చెమట తుడుచుకో."

*

ఏడున్నర బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి జులేఖా బీ మొహం చూశాడు.

"నేనేలేప్పా," అందామె. "ఆ ఫోటో తీసినోడు నా మీద కోపంతో తీసినాడు."

ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు రెండు చింపి ఇచ్చి కండక్టరు నవ్వుకుంటూ ముందుకు పోయాడు. ఊరు దాటగానే శివకుమారి మూట విప్పి ఒక జాకెట్టు ఒళ్ళో పరుచుకుంది. మొదటి గుంతకే సూది బొటనవేలిలో దిగింది. రెండో గుంతకు దారం సూదిలోంచి జారిపోయింది. జులేఖా బీ ఆమె చేతుల్లోంచి జాకెట్టు లాక్కుని మడిచి మూటలో పెట్టి, మూటను కాళ్ళ మధ్య పెట్టుకుంది.

"బయట చూడు మే. అవుకు చెరువు వస్తాండాది."

చెరువులో నీళ్ళు అడుగంటి గట్టు పొడవునా తెల్లటి చార కనిపిస్తోంది. అయినా చూశారు. కొలిమిగుండ్లలో దిగి ఆటో ఎక్కి, తలుపులు తీయకముందే గుహల దగ్గరికి చేరుకున్నారు. కాపలా మనిషి వాళ్ళ మూట చూసి అది లోపలికి కుదరదన్నాడు. టికెట్ల గది మూలన పెట్టించుకున్నాడు. మూట చేయి వదిలాక శివకుమారికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

గుహ అంటే చల్లగా ఉంటుందనుకున్నారు. నూరు మెట్లు దిగేసరికి వీపులు తడిసిపోయాయి. పైనుంచి గాలి పంపే గొట్టం ఒకటి కనిపిస్తే దాని కింద నిలబడి, వెనకవాళ్ళు దారి ఇవ్వమని అడిగేదాకా కదలలేదు. పసుపుపచ్చ దీపాల వెలుగులో రాయి ఒకచోట గొర్రెల మందలా, ఒకచోట ఆరేసిన చీరెల్లా కనిపించింది.

"ఆ కుచ్చిళ్ళు చూడక్కా," అంది శివకుమారి. "ఒక్కటన్నా ఎచ్చుతగ్గు లేదు. కొలత తీసి పెట్టినట్టుండాయి."

"నీకు రాయిలో కూడా కుట్టుపనే కనబడతాండాది."

తడితే మోగే రాళ్ళున్న చోట గైడు అందరినీ నిలబెట్టి ఒక రాతిని కర్రతో తట్టి చూపించాడు. అతను అటు తిరగగానే జులేఖా బీ గాజుల చెయ్యి ఇంకో రాతికి ఆనించి కదిలించింది. గలగలమన్న చప్పుడు గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. "ముట్టుకోకూడదమ్మా!" అని గైడు అరిచాడు. ఇద్దరూ బడిపిల్లల్లా తలలు వంచుకున్నారు. శివకుమారికి నవ్వు ఆగక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

కింది నీటి మడుగు దగ్గరికి పోయే దారి నిటారుగా, తడితడిగా ఉంది. రెండు మెట్లు దిగి జులేఖా బీ ఆగిపోయింది. శివకుమారి ముందుకు పోయి వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. జులేఖా బీ ఆ చేతిని వెంటనే పట్టుకోలేదు. అలవాటు కొద్దీ దాని వేళ్ళ కీళ్ళ వైపు, అరచెయ్యి వెడల్పు వైపు చూసింది. తర్వాత పట్టుకుంది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగింది.

"ఊర్లో ఆడోళ్ళ చేతులన్నీ పట్టుకున్యా మే," అంది కిందికి వచ్చాక, ఆయాసపడుతూ. "నా చెయ్యి పట్టుకున్నోళ్ళు ఎవరుండారా అని ఇప్పుడు చూసుకుంటాండా."

శివకుమారి పైకి ఎక్కేటప్పుడు కూడా చెయ్యి వదల్లేదు.

బయట వేపచెట్టు కింద తువ్వాలు పరిచి కూర్చున్నారు. జులేఖా బీ గిన్నె మూత తీసింది. జొన్నరొట్టెలు, నువ్వులపొడి, గోంగూర. "నీకు అమావాస్య గదా, పొయ్యి కడిగి చేసినా," అంది. శివకుమారి పొద్దున నాలుగున్నరకే లేచి పూర్ణం పెట్టి చేసిన బక్షాలు తీసింది. తిన్నాక మూట మధ్యలో పెట్టుకుని పంచుకున్నారు. ఐదు శివకుమారికి, మూడు జులేఖా బీకి.

జులేఖా బీ దారం ఎక్కించి సూదిని ఎడమ చేతికి మార్చుకుంది.

"నువ్వు పుర్రచేతి మనిషివా అక్కా!"

"పుట్టినప్పటి నుంచీ. గాజులకు మాత్రమే కుడిచెయ్యి. పెండ్లయి వచ్చినాక మా అత్త నా పుర్రచెయ్యి కొంగుతో కట్టేసి నేర్పించింది. పెండ్లికూతురికి పుర్రచేత్తో గాజులు తొడిగితే వాళ్ళమ్మ ఊరుకుంటాదా?"

పదకొండు నెలలుగా మాట్లాడుకుంటున్నా తనకు తెలియని సంగతి ఒకటి ఆమె చేతిలోనే ఉందని శివకుమారి ఆశ్చర్యపోయింది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అడగాలనిపించింది. అడిగింది కూడా. జులేఖా బీకి చిన్నప్పుడు ఈత వచ్చేదట. మామిడికాయ అంటే పడదట. రసూల్ సాహెబ్ పెళ్ళికి ముందు పంపిన మొదటి గాజులు చేతికి పట్టక తిప్పి పంపిందట. శివకుమారి తనకు లెక్కలంటే ఇష్టమని, పదో తరగతిలో లెక్కల్లోనే తొంభై దాటాయని చెప్పింది. ఆ మాట ఎవరితోనైనా అని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

మూడు గంటలకు ఎనిమిదీ అయిపోయాయి. జులేఖా బీ తన మూడింటినీ కొంగు మీద తట్టి నలుచదరంగా మడిచి ఇచ్చింది. మడత విప్పి చూడబోయి శివకుమారి చెయ్యి ఆపుకుంది. విప్పితే అక్క పనిని అనుమానించినట్టు ఉంటుంది. అలాగే మూటలో పెట్టి ముడి వేసింది.

*

శనివారం తొమ్మిదిన్నరకు పద్మప్రియ జాకెట్లు ఇస్త్రీ బల్ల మీద పరుస్తూ ఆరోదాని దగ్గర ఆగింది. దాన్ని ఎత్తి పట్టుకుంది. కిందపెట్టి ఏడోది విప్పింది. ఎనిమిదోదీ విప్పింది.

"శివకుమారీ. ఈడికి రా."

మూడింటికీ హుక్కులు ఎడమ పట్టీకి ఉన్నాయి, కాజాలు కుడి పట్టీకి. కుట్టు గట్టిగా, ఎడం సమానంగా, చక్కగా ఉంది. ఉండాల్సిన వైపు మాత్రం లేదు.

"ఇంకో గంటన్నరలో పెండ్లోళ్ళు వస్తారు. ఏమయింది మే నీకు? నువ్వు కుట్టింది తిప్పి చూసే పని లేదని నేనే అంటినే!"

రమ్యశ్రీ మిషను ఆగింది. విశ్వాసమ్మ తల ఎత్తలేదు గానీ ఆమె కాలు కూడా ఆగింది. తలనొప్పి వచ్చింది, కళ్ళు మూతలు పడ్డాయి అని చెప్పడం తేలికే. అలా చెబితే నిన్నటి రోజంతా తలనొప్పి కింద కొట్టుకుపోతుందని శివకుమారికి తోచింది.

"అవి నేను కుట్టినవి కాదక్కా. జులేఖక్క కుట్టింది. బెలుం గుహల కాడ."

"యాడ?"

"బెలుం గుహల కాడ. నిన్న మేమిద్దరం పోయినాం. సెలవు గదా."

"పెండ్లికూతురి జాకెట్లు గుహలకు తీసకపోయినావా!"

"గుహలోకి తీసకపోలేదక్కా. టికెట్ల గదిలో పెట్టినాం."

రమ్యశ్రీ ఫక్కున నవ్వి దగ్గులోకి మార్చుకుంది. పద్మప్రియ గొంతు వీధిలోకి వినిపించిందేమో, జులేఖా బీ పీట మీది నుంచి లేచి సందు దాటి వచ్చింది. జాకెట్లు చూసింది. తన పైట కొంచెం పక్కకు తీసి తన హుక్కుల వైపు చూసుకుంది. నాలుక కరుచుకుంది.

"నా తప్పేనమ్మా. నాది పుర్రచెయ్యి. నా జాకెట్లన్నీ ఇట్లే కుట్టుకుంటా. ముప్పై ఏండ్లుగా లోకమంతా ఇట్లే తొడుక్కుంటాండారనుకున్యా."

పద్మప్రియ కోపంగానే ఉంది. కానీ పెదవుల చివర ఏదో కదిలింది. గడియారం చూసింది. డ్రాయరు లాగి దారాలు విప్పే ముళ్ళు మూడు తీసి బల్ల మీద వేసింది.

"మూడు జాకెట్లు. తలా ఒకటి. పట్టు చిరిగిందంటే మాత్రం చూడండి."

చాప మీద పద్మప్రియ, శివకుమారి, జులేఖా బీ మోకాళ్ళు ఆనేంత దగ్గరగా కూర్చున్నారు. కుట్టు తెంపేటప్పుడు మాట రాదు. ఊపిరి కూడా ఆచితూచి వదలాలి. మొదటి జాకెట్టు హుక్కులన్నీ ఊడాక పద్మప్రియ తల ఎత్తకుండానే అంది.

"ముందే చెప్పింటే ఇచ్చేదాన్ని కాదు గదా."

"ఇయ్యకుండా ఉండేదానివా అక్కా?"

పద్మప్రియ ఒక దారప్పోగును గోటితో లాగింది. కొంచెం సేపటికి, "ఇచ్చేదాన్నే," అంది.

"వచ్చే అమావాస్య నుంచి నాకు మూట వద్దక్కా," అంది శివకుమారి. చెయ్యి పని ఆపలేదు. "నాకొక్కదానికే కాదు. విశ్వాసమ్మకూ, రమ్యశ్రీకీ కూడా."

"ఈ పెండ్లిళ్ళు కానీ, చూద్దాం."

"చూద్దామంటే అయ్యేది కాదక్కా. ఇవైతే ఇంకో పెండ్లిళ్ళు వస్తాయి."

విశ్వాసమ్మ అప్పుడు తల ఎత్తి పద్మప్రియ వైపు సూటిగా చూసింది. సందులోంచి సోడాల బండి పోయింది.

"సరే మే," అంది పద్మప్రియ. "ఇయ్యనులే." మళ్ళీ వంగి, తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా, "నేనేమో అమావాస్యకు ఊరికే కూర్చున్నట్టు. షట్టరు లోపలి నుంచి వేసుకోని కటింగు చేస్తాంటా. కత్తెరకు చక్రం లేదు గదా," అంది.

"ఒక్కదానివేనా?" అంది జులేఖా బీ.

"ఇంకెవరుంటారు? మా ఆయనకు ఆయన జత ఉండాది. ఎరువుల అంగళ్ళోళ్ళు నలుగురు, అంగళ్ళు మూసి కారేసుకోని పోతారు. నాతో చదువుకున్నోళ్ళంతా కడపలో ఉండిపోయినారు. ఈడ నాకు తెలిసినోళ్ళంటే కొలతలిచ్చి పోయేవాళ్ళే. నడుము ఎంత, చెయ్యి పొడుగెంత, అన్నీ తెలుసు. ఒక్కరింట్లో కూర్చోని కాఫీ తాగింది లేదు."

జులేఖా బీ హుక్కు కుట్టబోయి సూది గాలిలో ఆపింది. "ఏ వైపమ్మా?" అని అడిగింది. శివకుమారి కుడి పట్టీ చూపించింది. కుట్టాక ఆమె ఆ పట్టీని వేలితో రెండుసార్లు తడుముకుంది, గుర్తు పెట్టుకుంటున్నట్టు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా చివరి కాజా పూర్తయింది. పెళ్ళికూతురు తల్లితో వచ్చి, తెర వెనక తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తల్లి అంచులు తిప్పి చూసి, నెమలికంఠం గాజులు జాకెట్టు మీద పెట్టి చూసి, సంతోషంగా సంచులు పట్టుకుని వెళ్ళిపోయింది. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. జులేఖా బీ పోకుండా గుమ్మంలో నిలబడింది.

పద్మప్రియ గోడ దగ్గరికి పోయి క్యాలెండరు కాగితాలు ఎత్తింది. మే, జూన్, జూలై, ఆగస్టు. సెప్టెంబరులో ఒక గడి మీద ఆమె వేలు ఆగింది.

"ఈసారి యాడికి పోతారు?" అంది గోడ వైపే తిరిగి.

"ఇంకా అనుకోలేదమ్మా," అంది జులేఖా బీ.

"ఊఁ."

ఆమె వేలు ఆ గడి మీది నుంచి కదలలేదు. శివకుమారి జులేఖా బీ వైపు చూసింది. జులేఖా బీ, నీ ఇష్టం అన్నట్టు గడ్డం ఎత్తింది.

"నువ్వూ రావచ్చక్కా," అంది శివకుమారి మిషను మీద గుడ్డ సర్దుకుంటూ. "మూట మాత్రం తేవద్దు."

పద్మప్రియ క్యాలెండరు వదిలింది. కాగితాలు టపటపమంటూ ఏప్రిల్ దాకా పడ్డాయి. బల్ల దగ్గరికి వచ్చి సగం కోసిన గుడ్డ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"కత్తెర కూడా తేనులే," అంది.